ముందు ఫోటో లేని మనిషి

బీరువాల వరదకు మరుసటి ఏడు జరిగింది ఇది. మా కూరాకులంకలో సంవత్సరాలకు అంకెలు పెట్టే అలవాటు లేదు. గేదెలు కొట్టుకుపోయింది గేదెల వరద. ఎగువ ఊళ్ల నుంచి ఇనుప బీరువాలు తలుపులు తెరుచుకుని వరసగా దిగివచ్చింది బీరువాల వరద. ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరి పెళ్లి ఎప్పుడైందో, ఎవరు తాగుడు ఎప్పుడు మానేశారో వాటితోనే చెప్పుకుంటాం. నేను గేదెల వరదకు మానేశాను. పెద్దింట్లు బీరువాల వరదకు మానేశాడు.

మానేశాడు అనడం కొంచెం గొప్పగా చెప్పడం. వరద మాన్పించింది. ప్రెసిడెంటు గారి బావమరిది నడిపే బెల్టు షాపు సీసాలతో సహా సముద్రం దారి పట్టింది. ఊరంతా తుఫాను షెల్టరు పైకెక్కి కూర్చున్నాం. రెండు రోజులు గడిచేసరికి నలుగురు మగాళ్లకు చేతులు వణకడం మొదలైంది. పెద్దింట్లుకు గోడ మీద చీమలు కనిపించాయి. అక్కడ చీమలు లేవు. వాడు వాటిని ఒక్కొక్కటే ఏరుతున్నాడు.

నేను మాటకారిని కాను. ఏం చెప్పాలో తోచక ఒక గడ్డపారను ఇటుకల మధ్య మొన పైకి వచ్చేలా నిలబెట్టి, నీళ్లలో కొట్టుకొచ్చిన కొబ్బరికాయ ఒకటి వాడి చేతిలో పెట్టాను. ఒలిచాడు. ఇంకోటి పెట్టాను. అదీ ఒలిచాడు. మిగతా ముగ్గురూ వచ్చి పక్కన కూర్చున్నారు. నీళ్లు తీసేసరికి షెల్టరు మీద డొక్కల గుట్ట లేచింది. చీమలు పోయాయి.

ఆ తర్వాత పొద్దు వాలేసరికి నలుగురూ నా కొబ్బరి షెడ్డుకు రావడం అలవాటైంది. ఆ వేళకే గొంతు లాగుతుంది. లాగినవాడు వస్తాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. కాయలు ఒలుస్తాడు, టీ తాగుతాడు, ఇంటికి పోతాడు. దానికి పేరు లేదు, బోర్డు లేదు, అధ్యక్షుడు లేడు. అందుకే కాబోలు బాగానే నడిచింది.

పెద్దింట్లు కొబ్బరి దింపు కార్మికుడు. చెట్టెక్కి కాయలు కోయడం వాడి పని. వాడి తాగుడుకు వాడి భార్య మంగతాయారు పిల్లను తీసుకుని పుట్టింటికి పోయింది. మానేశాడని తెలిసి వచ్చింది. వస్తూనే గుమ్మంలో నిలబడి అందరికీ వినపడేలా చెప్పింది.

"ఒక్క చుక్క వాసన తగిలిందంటే రేవు దాటేత్తాను. ఈసారి బతిమాలడానికి ఎవరినీ పంపకు. పంపితే వాళ్లకి కూడా అన్నం పెట్టను."

ఆ మాటకు వాడు కట్టుబడి ఉన్నాడు. కానీ నిద్ర పట్టడం మానేసింది.

"కళ్లు మూత్తే చాలు బాబాయ్, గుండె దడదడలాడతంది. చెట్టెక్కితే ఒక్కో మట్ట రెండేసి కనపడతంది. ఏ మట్ట పట్టుకోవాలో తెలవట్లేదు."

చెట్టు మీద అలా కనపడకూడదు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం వారికి మా మీద దయ కలిగింది. 'మత్తు విముక్త లంక పథకం' కింద రేవు దగ్గర ఒక కేంద్రం కట్టారు. నీలం రంగు వేశారు. పది మంచాలు వేశారు, వాటి మీది ప్లాస్టిక్కు తీయలేదు. గురువారం గురువారం డాక్టరు గారు వచ్చి, నిద్రకూ దడకూ మాత్రలు ఇస్తారని బోర్డు మీద రాశారు. డాక్టరు గారు నిజంగానే వచ్చేవారు. ఖాళీ మంచాలను పరీక్షించి వెళ్లేవారు. పేరు నమోదైన వాళ్లనే చూడాలని ఆయనకు ఆర్డరు.

పేరు నమోదు చేసే అధికారి కోదండపాణి గారు. అంతకు ముందు మురుగు కాలువల విభాగంలో ఇంజనీరుగా పనిచేశారు. పథకంలో మనుషుల కంటే ముందు భవనం వచ్చింది కాబట్టి దాన్ని పనుల విభాగానికి అప్పగించారట. ఆయన మంచివారు. జీవితంలో చుక్క ముట్టనివారు. తాగుబోతును దగ్గర్నుంచి చూసింది కూడా లేదు.

పెద్దింట్లును తీసుకుని నేను వెళ్లాను.

"ఏం కావాలి?" అన్నారు కోదండపాణి గారు.

"తాగుడు మానేసేనండి. మళ్లీ తాగకుండా ఉండటానికి సాయం కావాలండి. డాక్టరు గారు ఓసారి చూత్తే..."

"మానేశావా? ఎప్పుడు?"

"బీరువాల వరదకండి."

"ఏ సంస్థ ద్వారా మానేశావు?"

పెద్దింట్లు నా వైపు చూశాడు. నేను గోదారి వైపు చూశాను.

"వరదేనండి."

"మన అమలు సంస్థల్లో వరద లేదు" అని ఆయన ఫోను తీసి చూపించారు. "ఇందులో మూడు దశలున్నాయి. పనికి ముందు, పని మధ్యలో, పని పూర్తయ్యాక. మూడు ఫోటోలు ఎక్కాలి. ముందు ఫోటో లేనిదే రెండోది తెరుచుకోదు. కాలువ తవ్వకముందు ఫోటో తీయలేదనుకో, తవ్విన కాలువను శాఖ కాలువగా పరిగణించదు. దానంతటదే ఏర్పడిన గుంటగా పరిగణిస్తుంది. నీ పరిస్థితీ అంతే. నువ్వు దానంతటదే ఏర్పడిన మంచివాడివి. నీకు పథకం వర్తించదు."

"పాత ఫోటో ఉందండి. మా మరదలి పెళ్లిలో బురదలో పడుకుని ఉన్నాను. చాలా బాగా వచ్చిందండి."

"ఆ బురద మన పరిధిలోది కాదు. ఫోటో ఈ గేటు ముందే, ఈ ఫోనుతోనే తీయాలి. పక్కనే ఊదుడు మిషనులో అంకె పడాలి."

పెద్దింట్లు బయటికొచ్చి, తాగినవాడిలా తువ్వాలు నేల మీద ఈడ్చుకుంటూ, గేటు పట్టుకుని, కళ్లు తేలేసి నిలబడ్డాడు. అనుభవం ఉన్నవాడు, బాగా చేశాడు. దారిన పోయే ఆడవాళ్లు ముక్కు మూసుకున్నారు. మిషను మాత్రం సున్నా చూపించింది.

కోదండపాణి గారికి కోపం వచ్చింది. "తాగకుండానే తాగినట్టు శాఖను నమ్మించబోయావు. ఇది తీవ్రమైన అవకతవక. ఈసారికి మందలించి వదిలేస్తున్నాను."

నేను చాలాసేపటి నుంచి ఊరుకున్నాను కాబట్టి ఒక మాట అన్నాను. "నిజంగా తాగేవాళ్లు బెల్టు షాపు దగ్గర శానామంది ఉన్నారు కదండీ."

వరద తర్వాత మా ఊళ్లో మొదట తెరుచుకున్నది ఆ షాపే. బడి ఇంకా తెరవలేదు.

ఆయన కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు. "చూడు పెద్దాయనా. నిజంగా తాగేవాడి ముందు ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది. కాదనను. కానీ పూర్తయ్యాక ఫోటో ఎవరిస్తారు? వాడు మానడు. పని మధ్యలో ఆగిందని నాకు మెమో వస్తుంది. ఈ పథకానికి అన్నివిధాలా అర్హుడు ఎవడంటే, ఇప్పటికే మానేసినవాడు. ఫలితం ఖాయం. లోటల్లా ప్రారంభ స్థితి ఒక్కటే." అలా అని కాసేపు పైకప్పు వైపు చూశారు. మంచి ఆలోచన వచ్చినప్పుడు అధికారులు పైకప్పు వైపే చూస్తారు. "దాన్ని పునరుద్ధరించవచ్చు."

ఆలోచన పైకి వెళ్లింది. పైవాళ్లకు ఇంకా బాగా నచ్చి, కాయితంగా మారి కిందికి వచ్చింది. కేంద్రంలో మొదటి గదికి 'ప్రారంభ స్థితి పునరుద్ధరణ గది' అని రంగుతో రాశారు. బెల్టు షాపును అనుబంధ సరఫరా సంస్థగా గుర్తించారు. అంతవరకూ వెనక గుమ్మం నుంచి అమ్మే బావమరిది ముందు గుమ్మానికి మామిడాకులు కట్టాడు.

పంచాయతీ ఆఫీసులో సమావేశం పెట్టి కోదండపాణి గారు కాయితం చదివారు. "శాఖ పర్యవేక్షణలో, శుభ్రమైన గ్లాసులో, నిర్ణీత పరిమాణంలో లబ్ధిదారునికి మద్యం ఇవ్వబడును. సదరు లబ్ధిదారుడు ముందు ఫోటో అనంతరం మద్యపాన వ్యసనం నుండి విముక్తుడగును. ప్రారంభోత్సవానికి డైరెక్టరు గారు విచ్చేయుచున్నారు. పదిమంది అవసరం."

ఒక వార్డు మెంబరమ్మ లేచింది. "తాగనోడికి పోసి మాన్పించే కన్నా, పొయ్యకుండా ఊరుకుంటే సరిపోద్ది కదండీ?"

"సరిపోతుందమ్మా. కానీ మానినట్టు ఆధారం ఏది?"

మెంబరమ్మ కూర్చుంది.

వార్డుకు ఇంతమందని ప్రెసిడెంటు గారు పంచారు. మా షెడ్డు నలుగురి పేర్లూ ముందే రాసుకున్నారు, ఈమధ్య మానేసినవాళ్లుగా ఊళ్లో పేరుపడ్డవాళ్లు వాళ్లే. రాలేమని వంక చెప్పిన వాళ్లకు ప్రెసిడెంటు గారు వరద ఇళ్ల పట్టాలు ఇంకా తన బల్ల సొరుగులోనే ఉన్నాయని గుర్తుచేశారు. ఒక వార్డులో తాగినవాళ్లూ లేరు, మానినవాళ్లూ లేరు. ఆ వార్డు పరువు పోకూడదని, పుట్టి బుద్ధెరిగాక పాలూ మజ్జిగా తప్ప ముట్టని పోస్టు సూరయ్యను ఒప్పించారు. ఆయన తల్లి వెంట తీసుకెళ్లమని నిమ్మకాయ ఊరగాయ కట్టి ఇచ్చింది.

ప్రారంభోత్సవం ముందురోజు సాయంత్రం పెద్దింట్లు షెడ్డుకు వచ్చాడు. కాయ చేతిలో పట్టుకుని ఒలవకుండా కూర్చున్నాడు.

"ఒక్క గ్లాసేగా బాబాయ్. తాగితే పేరెక్కుద్ది. పేరెక్కితే డాక్టరు గారు చూత్తారు. చూత్తే నిద్దరొత్తాది."

నేను ఇంకో కాయ అందుకుని ఒలిచాను.

"ఒక్కదాంతో ఆపేత్తాను" అన్నాడు మళ్లీ. వాడు కాయతో అంటున్నాడు, నాతో కాదు.

అంతలో మంగతాయారు వచ్చింది. చంకలో మూట ఉంది.

"పిల్ల బట్టలు కట్టేశాను. నావి కూడా కట్టేశాను. పొద్దున్న ఈయన గ్లాసు ఎత్తడం, నేను పడవెక్కడం ఒక్కసారే. గవర్నమెంటోళ్లు పోసినా షాపోళ్లు పోసినా నాకు వాసన ఒకటే!"

"నన్నేం చెయ్యమంటావే? పట్టా ఇవ్వనంటన్నారు."

"పట్టా లేకపోతే షెల్టరు మీద ఉందాం. అక్కడున్నప్పుడే నువ్వు మనిషిలా ఉన్నావు." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వయినా నోరు తెరువు మావయ్యా! ఊరంతా మాట్టాడేత్తంటే, నువ్వొక్కడివీ నోట్లో పీచు కుక్కుకున్నట్టు కూచుంటావేంటి?"

ఆమె అన్నది నిజమే. లేచి కేంద్రానికి వెళ్లాను. కోదండపాణి గారు గేటు దగ్గర కుర్చీలు వేయిస్తున్నారు. డైరెక్టరు గారి కుర్చీ కేంద్రం ముందున్న కొబ్బరిచెట్టు నీడలో పడింది.

"కాయలు ముదిరేయండి" అన్నాను.

ఆయన పైకి చూశారు. కుర్చీ వైపు చూశారు. మళ్లీ పైకి చూశారు.

"రేపు పొద్దున్నే దింపించు! సభ మొదలయ్యే లోపలే! ఎవరున్నారు ఎక్కేవాళ్లు?"

"పెద్దింట్లు ఉన్నాడండి."

ఆ రోజుకు నేను మాట్లాడింది అంతే. షెడ్డుకు వచ్చి, "రేపు కత్తి తెచ్చుకో" అని పెద్దింట్లుకు చెప్పాను. ఎక్కడం వరకే నా చేతిలో ఉంది. దిగడం వాడి చేతిలో ఉంది.

మర్నాడు బాజాలతో డైరెక్టరు గారిని రేవు నుంచి తీసుకొచ్చారు. 'చుక్క ముట్టను, కుటుంబం విడవను' అని గుడ్డ మీద రాసి కట్టారు. దాని కింద బల్ల మీద గ్లాసులు పెట్టారు. దుమ్ము పడకుండా ఒక్కో దాని మీద ఒక్కో తమలపాకు. కోదండపాణి గారు ఇంజనీరు కదా, అన్ని గ్లాసుల్లోనూ మట్టం ఒకటే వచ్చేలా ఒంగి ఒంటికన్నుతో చూసి పోశారు. తాగాక వెంటనే చెయ్యి చాచి మానేస్తానని ప్రతిజ్ఞ చేయాలి.

సూరయ్య కళ్లు మూసుకుని తాగాడు. ఊరగాయ నాకాడు. ప్రతిజ్ఞ సగంలో డైరెక్టరు గారిని కావలించుకుని, "మీ ఉత్తరం ఏదో నా దగ్గరుండిపోయిందండీ" అని ఏడ్చాడు. ముందు ఫోటో చాలా బాగా వచ్చిందని అందరూ అన్నారు.

మా షెడ్డు ముగ్గురూ వరసలో నిలబడ్డారు. వాళ్లలో నూకరాజు గ్లాసు పుచ్చుకుంటూ నా వైపు చూసి తల దించుకున్నాడు. తాగాక మళ్లీ చూడలేదు.

పెద్దింట్లు ఇంకా చెట్టు మీదే ఉన్నాడు. డైరెక్టరు గారి కుర్చీని దూరంగా ఎండలోకి జరిపారు. కాయల గెలలు ఒక్కొక్కటే నేల మీద పడుతున్నాయి. చెట్టుకు ఎడంగా మంగతాయారు మూట చంకన పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

మైకులో కోదండపాణి గారి గొంతు వినిపించింది. "లబ్ధిదారుడు పెద్దింట్లు తక్షణం నేలమట్టానికి రావలెను."

"ఇంకో గెల ఉందండీ!" అని పైనుంచి జవాబు వచ్చింది.

ఆ గెల పడింది. తర్వాత ఎండు మట్టలు పడ్డాయి. తర్వాత బొండాలు కూడా పడ్డాయి, అవి దింపమని ఎవరూ చెప్పలేదు. తర్వాత పడటానికి ఏమీ మిగల్లేదు. వాడు చెట్టు కొసన మొవ్వును కావలించుకుని కూర్చున్నాడు. కింద బల్ల మీద వాడి గ్లాసు తమలపాకు కప్పుకుని ఉంది. అంత ఎత్తు నుంచి కూడా అది వాడికి కనపడుతుందని నాకు తెలుసు.

"దిగు పెద్దింట్లూ!" అని ప్రెసిడెంటు గారు అరిచారు. "పట్టా మాట మర్చిపోయావా?"

"మర్చిపోలేదండి. ఇక్కడ్నుంచి ఊరంతా కనపడతంది. నా ఇల్లు కూడా కనపడతంది. మా ఆడది కనపడతంది. ఒక్కత్తే కనపడతందండీ, ఇద్దరు కనపడట్లేదు. ఇక్కడే బాగుందండీ!"

ఎవరో ఇద్దరు ఊపడానికి చెట్టు మీద చెయ్యి వేశారు. మంగతాయారు పరుగున వచ్చి, "ఊపకండి చెట్టు! ఆయన్ని పిలవకండి!" అని చెట్టుకు వీపు ఆనించి అడ్డంగా నిలబడింది.

డైరెక్టరు గారు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు. "ఎవరాయన?"

"లబ్ధిదారుడండి" అన్నారు కోదండపాణి గారు.

"అంత తాగి అంత పైకి ఎక్కాడా?"

"లేదండి. ఇంకా తాగలేదండి. అందుకే ఎక్కగలిగాడండి."

"అయితే ముందు దశలోనే పని ఆగిందన్నమాట. ఫోనులో గడువు ఐదింటికి ముగుస్తుంది. తొమ్మిదిమందితో మూసుకుంటే మొత్తం కేంద్రం రద్దయినట్టే."

కోదండపాణి గారి ముఖం తెల్లబోయింది. జనం వైపు చూశారు. జనం వెనక్కి జరిగారు. నన్ను చూశారు. "పెద్దాయనా, నువ్వూ మానినవాడివేగా?"

గేదెల వరద నుంచీ మానినవాడినే. నేను ఏమీ అనలేదు. నేను ఏమీ అనకపోతే కాదని అర్థమని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఆయనకూ అప్పుడు తెలిసింది.

ఆయన గడియారం చూసుకున్నారు. ఊదుడు మిషను చూశారు. తమలపాకు తీసి పక్కన పెట్టారు. "శాఖ కోసం" అని గ్లాసెత్తి, ముక్కు పట్టుకుని తాగేశారు. దగ్గారు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా మిషనులో ఊది, తన ఫోటో తనే తీసుకున్నారు.

"ఇదీ క్షేత్రస్థాయి సేవంటే!" అని డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు.

డైరెక్టరు గారు మళ్లీ మళ్లీ లంకకు రాలేరు కదా. అందుకని మిగతా రెండు దశలూ అక్కడే కానిచ్చారు. పదిమందినీ మంచాల మీద పడుకోబెట్టి, ప్లాస్టిక్కు తీయకుండానే పని మధ్యలో ఫోటో తీశారు. తర్వాత ముఖాలు కడిగి, తలలు దువ్వి, బొట్లు పెట్టి, పూర్తయ్యాక ఫోటో తీశారు. సూరయ్య నిలబడలేకపోతే ఇద్దరు పట్టుకున్నారు. డైరెక్టరు గారి పడవ రేవు దాటకముందే మా లంక మత్తు నుంచి విముక్తమైంది. పని పూర్తయింది కాబట్టి గురువారం డాక్టరు గారు ఇక రానక్కర్లేదని అక్కడికక్కడే ఆర్డరు ఇచ్చారు.

అందరూ వెళ్లాక పెద్దింట్లు దిగాడు. తొడలు గీరుకుపోయాయి. మంగతాయారు దగ్గరికి వెళ్లి వాడి నోరు వాసన చూసింది. అందరి ముందూ చూసింది. ఆ తర్వాత మూట వాడి నెత్తిన పెట్టి, "మొయ్యి" అంది. ఇంటి దారి పట్టారు.

ఆ సాయంత్రం షెడ్డుకు పెద్దింట్లు ఒక్కడే వచ్చాడు. మిగతా ముగ్గురి గొంతులూ బెల్టు షాపు వైపు నుంచి వినిపించాయి. నూకరాజు పాడుతున్నాడు. మేం ఒలుచుకుంటూ కూర్చున్నాం. కాయలు తొందరగా అయిపోయాయి.

మర్నాడు పొద్దున్నే రెండు గోనె సంచులు తీసుకుని కేంద్రానికి వెళ్లాను. దింపిన కాయలన్నీ చెట్టు కిందే పడి ఉన్నాయి. కోదండపాణి గారు తల మీద తడి తువ్వాలు వేసుకుని మెట్ల మీద కూర్చున్నారు. గేటు పట్టుకుని నూకరాజు నిలబడి ఉన్నాడు. పెద్దింట్లు చేసినట్టు నటన కాదు, గేటు కూడా గడగడలాడుతోంది.

"డాక్టరు గారిని పిలిపించండి బాబూ. చేతులు నిలవట్లేదు."

కోదండపాణి గారు ఫోను చూశారు. "నీది పూర్తయింది. పూర్తయిన పనిని మళ్లీ మంజూరు చేయరు." గొంతు సన్నగా వచ్చింది. కాయలు ఏరుతున్న నన్ను చూసి, "అవి శాఖ ఆవరణలో పడ్డాయి. శాఖ ఆస్తి" అన్నారు.

ఒక బొండాం చెక్కి ఆయన చేతిలో పెట్టాను. ఎత్తిన బొండాం దించకుండా తాగారు.

"ఇంకొకటుందా?" అన్నారు.

ఇంకొకటి చెక్కాను. ఆస్తి మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఒక సంచి నేనెత్తుకున్నాను. రెండోది నూకరాజు భుజానికెత్తి, "పద" అన్నాను. దారిలో మిగతా ఇద్దరి ఇళ్ల ముందూ, సూరయ్య ఇంటి ముందూ కాసేపు నిలబడ్డాను. ఏమీ అనలేదు. వచ్చారు.

షెడ్డులో గడ్డపారలు చాలలేదు. కమ్మరి దగ్గరికి వెళ్లి ఇంకొన్ని తెచ్చి షెడ్డు ముందు నేలలో పాతాను. చివరిదాన్ని కొంచెం పక్కగా, నీడ పడే చోట పాతాను. అధికారులకు ఎండ అలవాటుండదు.